పోలమ్మ మోటారు

హిందీ మాట్లాడే ఒక ఉక్కు ఊళ్ళో, గోల్‌మురి బజారులో సైకిల్ రిపేరు కొట్టు మీద రెండు గదుల్లో నడిచే 'మొహల్లా డాక్' పత్రిక ఆఫీసులో ఫ్యాను ఒక్కటే గాని రూళ్ళు మాత్రం బోలెడు. పిల్లలు రాసిన వార్తలో పెద్దవాళ్ళు సొంత వాక్యం చొప్పించకూడదు. ఏ పిల్లా తన గల్లీ గురించి తాను రాయకూడదు. వార్త కోసం వెళ్ళిన ఇంట్లో టీ తప్ప ఏమీ పుచ్చుకోకూడదు. ఈ మూడోది తెలుగువాళ్ళ గల్లీల్లో ఒక్కనాడూ నిలబడలేదు. ఆకలిగా లేదన్న పిల్లని నమ్మే ఆడమనిషి ఆ గల్లీల్లో ఇంకా పుట్టలేదు మరి. నాలుగో రూలు మాత్రం ఎవరూ మీరి ఎరగరు. ఎవరి గురించి రాశారో వాళ్ళకి, పత్రిక అచ్చుకి పోకముందే, ఆ వార్త చదివి వినిపించాలి. అదీ వాళ్ళ ఇంటి భాషలో.

ఈ రూలు పెట్టింది సువర్ణకుమారి. బళ్ళో పాఠాలు చెప్పి చెప్పి రిటైరయ్యాక, బస్తీ పిల్లలకి వార్తలు రాయడం నేర్పుతానని ఈ సంస్థ పెట్టింది. హాయిగా చర్చికెళ్ళి వచ్చి కూర్చోక ఈ వయసులో నీకెందుకమ్మా అని చుట్టాలందరూ అన్నారు. ఆవిడ అందరి మాటా శ్రద్ధగా విని, నెలకొక పత్రిక తేవడం మొదలుపెట్టింది. అందరికీ ఆవిడ మేడమే. "మనిషికి తెలియకుండా మనిషి గురించి చెప్పేదాన్ని చాడీ అంటారు. మనం చేసే పని అది కాదు," అని కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ మొదటిరోజే చెబుతుంది.

ఆవిడ తరవాత ఆమోసు. ఒక హిందీ దినపత్రికలో చాలాకాలం పనిచేసి, అక్కడ ఖర్చు కాకుండా మిగిలిన ఓపికంతా ఇక్కడికి తెచ్చుకున్నాడు. పిల్లల రాతల్లో 'ఘోరమైన', 'దారుణమైన' లాంటి మాట కనబడిందా, పెన్సిలు పట్టుకుని వేటకి బయల్దేరతాడు. ఆ మాట కొట్టేసేదాకా టీ కూడా ముట్టడు.

మూడో మనిషి పద్మశ్రీ. కథ ఈమెదే. పిల్లల్ని పోగెయ్యడం, గల్లీలు తిప్పడం, చీకటి పడేలోపు ఇళ్ళకి చేర్చడం, ఏమాత్రం ఆలస్యమైనా వాళ్ళ తల్లుల చేత చివాట్లు తినడం ఆమె ఉద్యోగం. అన్నిటికన్నా ముఖ్యం, తెలుగు ఇళ్ళకి వార్త వినిపించే పని ఆమెది. పత్రిక హిందీలో వస్తుంది. పిల్లలు రాసేదీ హిందీయే. ఇంట్లో తల్లి తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే పిల్లలు వీళ్ళు. తెలుగు అంతా అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం రాదు. కాబట్టి పిల్ల నిలబడి హిందీలో చదువుతుంది, పక్కన పద్మశ్రీ వాక్యం తరవాత వాక్యం తెలుగులో చెబుతుంది. చెప్పేటప్పుడు ఆమె ఉప్పు ఎక్కువా వెయ్యదు, తక్కువా వెయ్యదు. చెత్త కాలవలో పారేసే ఒక పెద్దమనిషికి ఆయన గురించి రాసింది రాసినట్టు చెబితే ఆయన చెప్పు తీశాడు. పద్మశ్రీ ఆ చెప్పు కింద పెట్టేదాకా ఆగి, తరవాతి వాక్యం చెప్పింది. ఆ కథ పిల్లలందరికీ తెలుసు. ఆమె పక్కన ఉంటే వాళ్ళు ఎవరింటి గుమ్మమైనా ఎక్కుతారు.

ఇంకో మనిషి కూడా ఉంది. జీతం లేదు, కుర్చీ లేదు, అయినా ఆఫీసు ఆవిడ మీదే నడుస్తుంది. పద్మశ్రీ తల్లి పోలమ్మ. కూతురికి ఒక్కదానికే డబ్బా పంపడం ఆవిడకి చేతకాదు. రోజూ పెద్ద క్యారేజీ వస్తుంది. మెంతి పులుసో, వంకాయ ఎండునెత్తళ్ళో, ఏదీ లేకపోతే ఉల్లికారమో. ఒకప్పుడు గోల్‌మురి బజారులో ఇడ్లీ కొట్టు నడిపిన చెయ్యి అది. ఆ చేతికి నలుగురికి తక్కువ వండడం తెలియదు.

అలాంటి ఒక క్యారేజీ బల్ల మీద తెరుచుకుని ఉండగా, ఒక మధ్యాహ్నం బెట్సీ మెట్లెక్కి వచ్చింది. సీతారాండేరా బస్తీలో తెలుగువాళ్ళ పిల్ల, పదో తరగతి. మాట తక్కువ, ప్రశ్నలు ఎక్కువ.

"దీదీ, పానీవాలీ రిపోర్ట్ హో గయీ," అంటూ ఫోను చేతికిచ్చింది. నీళ్ళ వార్త పూర్తయిందిట. ఏ గల్లీదో పద్మశ్రీ అడగలేదు.

గల్లీ మొదట్లో కుళాయిలు ధారగా వస్తుంటే గల్లీ చివర ఎందుకు బొట్లు బొట్లుగా వస్తాయన్నది వార్త. బెట్సీ పొద్దున్నే నీళ్ళ వేళకి ఒక బకెట్టు పట్టుకుని వెళ్ళి, చివరింటి కుళాయి కింద పెట్టి చూసింది. గల్లీ మొదట్లో ఇంటివాళ్ళు పైపుకి తగిలించిన మోటారు ఆడుతున్నంతసేపూ బకెట్టు అడుగు కూడా తడవలేదు. మోటారు ఆగిన కాసేపటికి నిండింది. ఒకరోజు చూసి నమ్మక, మళ్ళీ మర్నాడూ వెళ్ళి చూసింది. పద్మశ్రీ చదువుతూ, భలే పని చేసింది పిల్ల అనుకుంది. అలా అనుకుంటూనే వేలితో జరిపితే ఫొటో వచ్చింది.

ఫొటోలో వాళ్ళమ్మ.

అమ్మ నవ్వుతోంది. పెళ్ళిళ్ళకి కట్టే ఆకుపచ్చ చీర కట్టుకుంది. పక్కన గోడ వారగా మోటారు. విశ్వకర్మ పూజనాడు నాన్న అసిరయ్య పెట్టిన సింధూరం బొట్టు దాని మీద చెక్కుచెదరకుండా ఉంది, ఎండిపోయిన బంతిపూల దండ కూడా అలాగే ఉంది. ఈ ఊళ్ళో ఆ పూజనాడు మిక్సీకి కూడా బొట్టు పెడతారు, మోటారు ఏం పాపం చేసింది. పోలమ్మ దాని మీద, ప్రయోజకుడైన కొడుకు భుజం మీద వేసినట్టు చెయ్యి వేసి నిలబడింది. కూతురి ఆఫీసు నుంచి ఫొటో తీయడానికి వచ్చారని ఆవిడ సంబరం. నీళ్ళు ఎంత జోరుగా వస్తాయో చూడమని తనే మోటారు వేసి చూపించిందిట.

పద్మశ్రీకి ఒక్క క్షణం నవ్వొచ్చింది, వెంటనే వార్త మళ్ళీ మొదట్నుంచీ చదివింది. ఆ మోటారు ఆమె రోజూ చూసేదే. ఇంట్లో అది మోటారుగానే కనబడింది, వార్తగా ఎప్పుడూ కనబడలేదు.

ఆమోసు ముద్ద నోటిదాకా తెచ్చి ఆగాడు. ఫొటో చూశాడు, పులుసు గిన్నె చూశాడు. "ఈ పులుసు తింటూ ఈ వార్త దిద్దడం నావల్ల కాదు తల్లీ," అన్నాడు. కొంచెంసేపు ఆలోచించి ముద్ద తినేశాడు. చెయ్యి కడుక్కుని వచ్చి పెన్సిలు తీశాడు. వార్తలో కొట్టెయ్యాల్సిన మాట ఒక్కటీ దొరకలేదు. అది చూసి మరీ దిగాలు పడ్డాడు.

సువర్ణకుమారి కళ్ళజోడు తీసి తుడిచింది. "పద్మా, ఈసారి ఆ ఇంటికి వినిపించడానికి ఆమోసు వెళ్తాడు."

"ఎందుకు మేడమ్? నామీద నమ్మకం లేదా?"

"నమ్మకం మాట కాదమ్మా. సొంత గల్లీ గురించి రాయొద్దని పిల్లలకి మనమే చెప్పాం కదా."

"రాసింది నేను కాదు కదా. నేను చెప్పడమే కదా. ఎవరింట్లోనైనా ఒకేలా చెప్తానని మీరే అంటారు."

మేడమ్ కళ్ళజోడు పెట్టుకుంది. "సరే, వెళ్ళు. కానీ బెట్సీ నీ నోటివంకే చూస్తూ ఉంటుంది. అది గుర్తుపెట్టుకో."

గుర్తుపెట్టుకోకేం. వినిపించాల్సిన ఆదివారం దాకా మూడు రోజులూ పద్మశ్రీకి అదే ధ్యాస. ఆ గల్లీలో పోలమ్మ అంటే మామూలు మనిషి కాదు. సీమంతం వంటకి పోలమ్మ వదిన రావాలి. ఎవరింట్లోనైనా పీనుగ లేస్తే ఏడ్చేవాళ్ళని ఓదార్చి టీ పెట్టడానికి పోలమ్మ వదినే రావాలి. పత్రిక రాగానే ఒక కాపీ గల్లీ మలుపులో గోడకి అంటిస్తారు. అమ్మ మోటారు మీద చెయ్యి వేసుకుని ఆ గోడ మీద నెలంతా నవ్వుతూ ఉంటుంది, కింద ఆ వార్త ఉంటుంది. అది తలుచుకుంటే అన్నం సయించలేదు. పోనీ వార్త ఆపమందామా అంటే, ఇన్నేళ్ళుగా పిల్లలకి చెప్పిన ప్రతి మాటా అబద్ధమైపోతుంది.

అందులోనూ ఒక వాక్యం ముల్లులా గుచ్చుకుంది. గల్లీ చివరింట్లో సింహాచలమ్మ ఉంటుంది. ఆవిడా పోలమ్మా శ్రీకాకుళం వైపు నుంచి ఇంచుమించు ఒకేసారి ఈ ఊరికి కాపురానికి వచ్చినవాళ్ళు. సింహాచలమ్మ కుళాయికి నీళ్ళు రావని పోలమ్మ రోజూ రెండు బిందెలు తనే మోసుకెళ్ళి ఇస్తుంది. ఎవరూ అడక్కుండానే, మోకాళ్ళు పీకుతున్నా. అది బెట్సీ రాసింది. రాసి, కింద ఇంకొక్క వాక్యం రాసింది. ఆ బిందెల్లో నీళ్ళు నిజానికి సింహాచలమ్మ కుళాయికి రావలసిన నీళ్ళే అని.

ఆదివారం బెట్సీ, పద్మశ్రీ కలిసి ఇంటికి వెళ్ళేసరికి అసిరయ్య గమ్హరియాలో ఫ్యాక్టరీ డ్యూటీకి వెళ్ళిపోయాడు. పోలమ్మ మళ్ళీ ఆకుపచ్చ చీరే కట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. వంటింట్లోంచి గారెల వాసన.

"రాయే బెట్సీ, కూకో. ముందు రెండు గారెలు తినీసి సదువుదూగాని," అంది.

"పహలే సునానా హై ఆంటీ," అంది బెట్సీ. ముందు వినిపించాలిట. నిలబడి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

మొదటి సగం పద్మశ్రీ ఉన్నదున్నట్టు చెప్పింది. బకెట్టు సంగతి చెప్పింది. మోటార్లు ఉన్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయని, గల్లీ మొదట్లో పెద్ద మోటారు పోలమ్మదని చెప్పింది. పోలమ్మ తల ఊపుతూ విన్నది. బెట్సీ పుస్తకాల హిందీలో రాసింది, బజారులో ఎవరూ వాడని మాటలు. అమ్మది ఇడ్లీలు అమ్మి నేర్చుకున్న హిందీ, దానికి ఈ మాటలు అందవని పద్మశ్రీ ధైర్యం. ఆ ధైర్యమే ఆమె కొంప ముంచింది.

బెట్సీ బిందెల వాక్యం చదివింది. దాని కింది వాక్యమూ చదివి, తలెత్తి పద్మశ్రీ నోటివంక చూసింది.

"నువ్వు సింహాచలమ్మత్తకి రోజూ రెండు బిందెలు నీళ్ళు ఇత్తావని రాసిందమ్మా," అంది పద్మశ్రీ. అని, ఊరుకుంది.

పోలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా తుడుచుకుంది.

"అంతేనేటి?"

"అంతే."

వినిపించడం అయ్యాక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. బెట్సీ అడిగింది. "ఇస్‌మే కుఛ్ గలత్ హై, ఆంటీ?" ఇందులో తప్పేమైనా ఉందా అని.

"నేదమ్మా," అంది పోలమ్మ ఆ పిల్ల వంకే చూస్తూ. "నువ్వు సదివిందాంట్లో తప్పు నేదు. గారెలు తిను."

అమ్మకి బిందెల సంగతి నచ్చింది కాబోలు అనుకుని పద్మశ్రీ ఊపిరి పీల్చుకుంది. బెట్సీ గారె పట్టుకుంది గాని తినలేదు. ఆ ఇంట్లో ఆ పిల్ల గారె తినకపోవడం అదే మొదలు.

ఆటో దొరికేదాకా ఇద్దరూ బజారులో నడిచారు. బెట్సీ చెప్పుల వంక చూసుకుంటూ నడుస్తోంది. చివరికి ఆగి, "దీదీ, ఆప్‌నే పూరా నహీ బతాయా," అంది. మీరు మొత్తం చెప్పలేదు అని.

పద్మశ్రీ ఏదో అనబోయింది. పిల్ల ఆగలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని అడిగింది, "బాకీ ఘరోన్ మే భీ ఐసే హీ కర్తీ థీ?"

మిగతా ఇళ్ళలో కూడా ఇలాగే చేసేవారా అని. పద్మశ్రీకి చెంప మీద కొట్టినట్టయింది. లేదు అని చెప్పడానికి నోరు తెరిచింది గాని, ఆ మాట ఇప్పుడు ఈ పిల్ల ఎందుకు నమ్మాలి? ఆటో వచ్చింది. బెట్సీ ఎక్కి వెళ్ళిపోయింది. తనకి చెప్పు చూపించిన పెద్దమనిషి కూడా ఆమెని ఇంత బాధపెట్టలేదు.

మర్నాడు పొద్దున్న పద్మశ్రీకి మెలకువ వచ్చింది చప్పుడుకి కాదు, చప్పుడు లేకపోవడానికి. రోజూ నీళ్ళ వేళకి గోడ అదిరేలా మొరిగే మోటారు నోరు మూసుకుని ఉంది. కరెంటు పోయిందా అని చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంది. బయటికి వచ్చింది. పోలమ్మ కుళాయి ముందు పీట వేసుకుని, కింద బిందె పెట్టుకుని కూర్చుంది. నీళ్ళు సన్నగా, తీరుబడిగా వస్తున్నాయి.

"మోటారు ఎయ్యలేదేటమ్మా?"

"ఎయ్యను."

"ఏటయింది?"

పోలమ్మ బిందె సర్దింది. "ఆ గుంట సదివింది నాను ఇననేదనుకున్నావేటే? ఇడ్లీ కొట్టుకాడ నాను హిందీలో దెబ్బలాడని మనిషి ఈ గోల్‌మురిలో ఉన్నాడేటి? పుస్తకం మాటలైతే ఏటి, పానీ అంటే నీలు కాదేటి? ఉస్‌కే నల్ కా పానీ అంటే దాని కులాయి నీలని నాకు తెల్దా?"

పద్మశ్రీ వచ్చి పక్కన కూర్చుంది. "మరి అప్పుడెందుకు అడగలేదు?"

"నువ్వు అంత కట్టపడి మింగీసి సెప్తన్నావు. ఆ పిల్ల ముందల నిన్ను అబద్దాలకోరుని సెయ్యమంతావేటి?" అంది పోలమ్మ. కాస్త ఆగి, "నీకు అబద్దం సెప్పడం సిన్నప్పట్నుంచీ రాదు. సెవులు ఎర్రగయిపోతాయి," అంది.

పోలమ్మ బిందె మీద చెయ్యి వేసింది.

"రెండు బిందెలు మోసుకెల్లి ఇచ్చి ఎంత గొప్ప పని సేత్తన్నాననుకున్నానో తెలుసా? మోకాల్లు పీకుతుంటే, అయినా మోత్తన్నాను, దేవుడు సూత్తన్నాడులే అనుకునేదాన్ని. దాని నీలు దానికే ఇచ్చి దండం ఎట్టించుకున్నాను." కళ్ళు తుడుచుకుంది. "మోటారు అంటే నీలు తెచ్చేదనుకున్నాను గాని, ఎక్కడ్నించి తెత్తాదని ఒక్కనాడూ అనుకోనేదే."

"అమ్మా, వార్త ఆపించీమంటావా?" అంది పద్మశ్రీ. అడగకూడని మాటే. అయినా అమ్మని అలా చూస్తే నోట్లోంచి వచ్చేసింది.

"ఎందుకాపడం? అచ్చయ్యేక గోడ మీద సూసి తెలుసుకుంతాదేటి సింహాచలం? నానే ఎల్లి సెప్తాను, బేగి వచ్చీత్తాను," అని లేచింది పోలమ్మ. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఆ పొటో మాత్రం తీసీకండి. సీర బాగా పడింది."

అలవాటు కొద్దీ బిందె చంకనెత్తుకునే వెళ్ళింది. బేగి వస్తానన్న మనిషి చాలాసేపటికి గాని రాలేదు. వచ్చేటప్పటికి ముఖం ఎర్రగా ఉంది, ఏడ్చిందో నవ్విందో తెలియలేదు. రెండూ చేసిందని తరవాత తెలిసింది.

"దానికి తెలుసంట పద్మా!" అంది గుమ్మంలోంచే. "మోటారు సప్పుడు గల్లీ అంతా ఇనబడతాది వదినా, నాకు సెవుడనుకున్నావా అంటాది. మరి సెప్పనేదేటే అంటే ఏటందో తెలుసా? సెప్తే మోటారు ఆపీత్తావు, మా కులాయికి నీలొచ్చీత్తాయి, ఇంక నువ్వెందుకొత్తావు మా ఇంటికి అంది. బిందె దింపి నాను కాసేపు కూకుంతాను కదా. దానికి ఆ కాసేపు కావాలంట." పోలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఎర్రి ముండ. ఉత్త సేతుల్తో వత్తే రానీదేటి నన్ను?"

ఆ సాయంత్రానికి అసిరయ్య చేత మోటారు ఊడదీయించింది. సింధూరం బొట్టు తుడవకుండా దాన్ని గోనెపట్టాలో చుట్టి అటక మీద పెట్టింది. మిగతా ఇళ్ళలో మోటార్లు వెంటనే ఆగిపోయాయనుకునేరు, అదేం లేదు. కొందరు ఆపారు, కొందరు వాటికి చప్పుడు వినబడకుండా గుడ్డలు చుట్టారు. ఆ గుడ్డల సంగతి వచ్చే వార్తకి పనికొస్తుందని బెట్సీ ఇప్పటికే కన్నేసి ఉంచింది.

పద్మశ్రీ మాత్రం మర్నాడు ఆఫీసుకి ఒక నిశ్చయంతో వెళ్ళింది. మేడమ్ బల్ల ముందు నిలబడి జరిగిందంతా చెప్పింది. చెవులు ఎర్రబడుతున్నాయని ఆమెకే తెలుస్తోంది, అబద్ధం కాకపోయినా. "ఇంక వినిపించే పని ఇంకెవరికైనా ఇవ్వండి మేడమ్. పిల్లలు నన్ను నమ్మరు," అంది.

ఆమోసు పెన్సిలు చెక్కుతున్నవాడల్లా చెక్కడం ఆపాడు.

"ఆ సంగతి నేను తేల్చేది కాదు," అంది మేడమ్. "మన తప్పులకి మన పత్రికలో చోటుంది కదా. బెట్సీ నిన్ననే రాసిచ్చింది. నీ గురించే. రూలు ప్రకారం నీకు వినిపించాలి."

పత్రిక ఆఖరి పేజీలో 'హమారీ గల్తియా', అంటే 'మా తప్పులు' అని ఒక చిన్న డబ్బా ఉంటుంది. తేదీ తప్పు పడినా, ఎవరి ఇంటిపేరు మారినా ఆ నెల తప్పులన్నీ అందులో ఒప్పుకుంటారు. ఆ డబ్బాలోకి తను ఎక్కుతానని పద్మశ్రీ ఎప్పుడూ అనుకోలేదు.

బడి అయ్యాక బెట్సీ వచ్చింది. సరిగ్గా అప్పుడే మెట్ల మీద ఆయాసం వినిపించింది. పోలమ్మ ఒక చేత్తో మోకాలు పట్టుకుని, ఇంకో చేత్తో క్యారేజీ పట్టుకుని పైకి వచ్చింది. ఆఫీసుకి ఆవిడ రావడం అదే మొదటిసారి. ఆదివారం బెట్సీ తినకుండా వదిలేసిన గారెల బాకీ తీర్చడానికి వచ్చిందిట.

"బైఠియే, దీదీ," అంది బెట్సీ. ఇన్నాళ్ళూ పరాయి ఇళ్ళలో పద్మశ్రీ నిలబడేది, కుర్చీలో వేరేవాళ్ళు కూర్చునేవాళ్ళు. ఇప్పుడు ఆమె కూర్చుంది. కూర్చున్నవాళ్ళకి ఎలా ఉంటుందో ఆమెకి ఆ రోజే తెలిసింది.

బెట్సీ కాగితం తెరిచింది. మళ్ళీ మూసింది. "ఇంటి భాషలో ఎవరు చెప్పాలి?" అని హిందీలో అడిగింది, ఆమోసు వంక చూస్తూ. ఆమోసు మేడమ్ వంక చూశాడు. రూలు రూలే.

"నాను సెప్తాను," అంది పోలమ్మ క్యారేజీ బల్ల మీద పెట్టి. "నాకు రాదేటి హిందీ?"

ఎవరికీ కాదనే ధైర్యం లేదు. బెట్సీ చదివింది. తిన్నగా, ఒక్క విశేషణం లేకుండా రాసింది. నీళ్ళ వార్త వినిపించేటప్పుడు మా వైపు తప్పు జరిగింది. మా పద్మశ్రీ దీదీ ఒక వాక్యాన్ని కావాలనే చెప్పకుండా వదిలేసింది. విన్న మనిషి ఆమె తల్లి కావడమే కారణం. ఇది మా నియమానికి విరుద్ధం. ఇకమీదట ఎవరూ తమ ఇంటివాళ్ళకి వార్త వినిపించకూడదని నిర్ణయించాం. మిగతా ఇళ్ళకి దీదీయే వినిపిస్తుంది, ఎందుకంటే మేము పిల్లలందరం పంచుకుని ఆ ఇళ్ళన్నిటికీ మళ్ళీ వెళ్ళి అడిగాం. ఎక్కడా ఒక్క మాట తగ్గలేదని వాళ్ళు చెప్పారు.

బెట్సీ తలెత్తి పోలమ్మ నోటివంక చూసింది. గదిలో అందరూ అటే చూశారు.

పోలమ్మ గొంతు సవరించుకుంది. కూతురి తల మీద చెయ్యి వేసింది.

"మా పద్మకి ఆ రోజు ఒంట్లో బాగోనేదంట," అంది. "ఎండలో తిరిగి తిరిగి అలిసిపోయుండి, ఒక ముక్క మరిసిపోనాదంట. అంతేగాని దాని తప్పేటీ నేదంట. ఊర్లో అందరూ ఇది బంగారమని సెప్పేరంట. ఇకమీదట దీనికి మా ఇంటి పని ఎట్టకుండా కాస్త ఇస్రాంతి ఇత్తారంట."

బెట్సీ నోరు తెరిచింది. 'కావాలనే' అన్న మాటెక్కడికి పోయిందో అడగబోయి, పోలమ్మ చెవుల వంక చూసి ఆగిపోయింది. అవి ఎర్రగా మందారాల్లా ఉన్నాయి. ఆమోసు పెన్సిలు కింద పడేసుకుని, వెతుక్కోవడానికి బల్ల కిందికి దూరాడు. బల్ల కిందనుంచి నవ్వు వినిపించింది. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"అమ్మా," అంది పద్మశ్రీ. "అంతేనేటి?"

"అంతే," అంది పోలమ్మ.

బెట్సీకి కూడా నవ్వు ఆగలేదు. అయినా రూలు మరిచిపోలేదు. కాగితం గుండెలకి ఆనించుకుని, అడగాల్సిన ప్రశ్న అడిగింది, ఇందులో తప్పేమైనా ఉందా అని. జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్న తెలుగులో అడిగింది, మాటలు తడుముకుంటూ. "ఇందులో... ఏటైనా తప్పుందా, అక్కా?"

తల మీద ఉన్న అమ్మ చేతిని పద్మశ్రీ రెండు చేతులతోనూ పట్టుకుంది.

"నువ్వు చదివిందాంట్లో తప్పు లేదు," అంది. "గారెలు తిను."